గేర్‌బాక్స్ మార్చాలా? ముందు పాతది ఎందుకు పోయిందో తేలాలి

కారు గేర్‌బాక్స్ పోయిందని మెకానిక్ చెప్పగానే వెతుకులాట ధరతో మొదలవుతుంది. ఎక్కడ దొరుకుతుంది, ఎంతకిస్తారు, ఎన్ని రోజుల్లో ఎక్కిస్తారు? అడగాల్సిన ప్రశ్నలే. కానీ వీటికంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. పాతది ఎందుకు పోయింది? దాని స్థానంలోకి వచ్చేది నిజంగా ఈ బండికి సరిపడేదేనా? మార్చిన గేర్‌బాక్స్ కొద్ది నెలలకే మళ్లీ మొరాయించిందంటే, చాలాసార్లు ఆ కొత్త పెట్టెలో తప్పేమీ ఉండదు. ఈ రెండు ప్రశ్నల్లో ఏదో ఒకదాన్ని వదిలేసి ఉంటారు.

మొదటి ప్రశ్నలోనే ఇంకో ప్రశ్న దాగి ఉంది: అసలు గేర్‌బాక్స్ పోయిందా? ఆటోమేటిక్ బండిలో గేరు మారేటప్పుడు జర్క్ రావడం, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తున్నా వేగం పెరగకపోవడం, రివర్స్ ఆలస్యంగా పడడం లాంటి లక్షణాలు కనిపించగానే పెట్టె మార్చేయాలనే మాట వచ్చేస్తుంది. ఆయిల్ తగ్గినా, ఒక సోలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారిని తెరిచి మూసే వాల్వ్) పనిచేయకపోయినా, స్పీడ్ సెన్సర్ తప్పు చెప్పినా, వైరు తెగినా, బ్యాటరీ బలహీనపడినా ఇవే లక్షణాలు వస్తాయి. ఇంజన్ మౌంటింగ్ విరిగితే వచ్చే దెబ్బను గేర్ల జర్క్ అనుకునేవాళ్లూ ఉన్నారు.

స్కానర్ పెడితే అంతా తేలిపోతుందనుకోవడం కూడా తొందరపాటే. పీ0700 అనే కోడ్ చెప్పేది ఒక్కటే, ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు నమోదై ఉందని. అసలు కోడ్‌లు ఆ కంప్యూటర్‌లోకి వెళ్లి చదవాలి. పీ0730 వస్తే కంప్యూటర్ లెక్కకూ, లోపల తిరుగుతున్న వేగాలకూ పొంతన కుదరడం లేదని అర్థం. ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని పెట్టెకు అందించే భాగం టార్క్ కన్వర్టర్. పీ0741 వస్తే దాంట్లో ఆ రెంటినీ నేరుగా కలిపే లాకప్ క్లచ్ సరిగా పట్టుకోవడం లేదని అర్థం. ఏ భాగం పాడైందో కోడ్ చెప్పదు. దానికోసం గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడాలి, ఆయిల్ ప్యాన్ విప్పాలి. ప్యాన్‌లోని అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. మెరిసే లోహపు పెచ్చులు, చేతికి గుచ్చుకునే ముక్కలు, క్లచ్ లైనింగ్ నుంచి రాలిన నల్లటి రవ్వ కనిపిస్తే మాత్రం పెట్టె దించక తప్పదు. ఆయిల్ రంగు ముదిరినంత మాత్రాన పోయినట్టు కాదు. మాడువాసన కూడా వస్తుంటే అనుమానించాలి.

మాన్యువల్ బండిలో ఈ పరీక్ష ఇంకా తేలిక. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గేర్లు హాయిగా పడి, ఇంజన్ నడుస్తున్నప్పుడు మొండికేస్తే ముందు క్లచ్ చూడాలి. అది పూర్తిగా విడవడం లేదు. ఒక్క గేరే గరగరమంటే ఆ గేరు సింక్రోనైజర్ రింగ్ (గేరు పడేముందు వేగాలను కలిపే రింగు) అరిగి ఉండొచ్చు. న్యూట్రల్‌లో వచ్చే హోరు క్లచ్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను చూడాలి. వీటిలో ఏ ఒక్కదానికీ మొత్తం పెట్టెను మార్చాల్సిన అవసరం ఉండకపోవచ్చు. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) బండి అయితే మరీను. అందులో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, డ్రైవరు చేయాల్సిన పని యాక్చువేటర్లు చేస్తాయి. మొరాయించేది ఎక్కువగా ఆ యాక్చువేటరో, దాని హైడ్రాలిక్ యూనిటో, లేదా అరిగిన క్లచ్చో. ఫోక్స్‌వ్యాగన్ డీక్యూ200 లాంటి డ్రై డ్యూయల్ క్లచ్ (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లుండే) పెట్టెల్లోనూ గేర్లు మార్చే కంప్యూటర్, హైడ్రాలిక్స్ కలిసిన మెకట్రానిక్ యూనిట్‌ను విడిగా మార్చవచ్చు, గేర్ల జోలికి పోనక్కర్లేదు.

పేరొక్కటే, పెట్టెలు వేరు

పెట్టె దించాల్సిందేనని తేలాక రెండో ప్రశ్న వస్తుంది. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. మోడల్ పేరు, తయారైన సంవత్సరం, ఇంజన్ సైజు చెప్పి గేర్‌బాక్స్ కొనడం చాలా ప్రమాదం. ఒకే మోడల్‌లో, ఒకే ఇంజన్‌తో, ఇద్దరు వేర్వేరు తయారీదారుల గేర్‌బాక్సులు వచ్చిన సందర్భాలున్నాయి. ఏడాది మధ్యలో లోపలి భాగాలు మార్చి, బయటి రూపం అలాగే ఉంచిన సందర్భాలూ ఉన్నాయి. నమ్మదగిన గుర్తులు రెండే: బండి పదిహేడు అక్షరాల చాసిస్ నంబర్, గేర్‌బాక్స్ మీద ప్లేటు రూపంలోనో స్టిక్కర్ రూపంలోనో పోతలోనో ఉండే కోడ్. కంపెనీ పార్ట్స్ కేటలాగ్‌లో ఈ రెండూ కలిస్తేనే ముందుకు వెళ్లాలి.

జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ దీనికి మంచి ఉదాహరణ. 2009లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చింది. ఆ తర్వాత ఆడి, జాగ్వార్, ల్యాండ్ రోవర్, క్రైస్లర్ బండ్లలోనూ చేరింది. పేరు వినగానే ఇవన్నీ ఒకదానికొకటి పనికొస్తాయనిపిస్తుంది. పేరులో వచ్చే 45, 70 లాంటి అంకెలు అది ఏ స్థాయి టార్క్ (తిప్పే బలం) కోసం తయారైందో చెబుతాయి. అంకె కలిసినా, ఇంజన్‌కు అతుక్కునే బెల్ హౌసింగ్ రంధ్రాలు కంపెనీకో రకం, ఫోర్ వీల్ డ్రైవ్ అయితే వెనక భాగం వేరు, కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వేరు. జనరల్ మోటార్స్ 4ఎల్60-ఈ కథా అంతే. 1993లో వచ్చిన మొదటివాటిలో బెల్ హౌసింగ్ కేసింగ్‌తో కలిసి ఒకే పోతగా ఉండేది. 1990ల మధ్య నుంచి అది విడదీయగలిగే భాగమైంది, లాకప్ క్లచ్‌ను నడిపే పద్ధతీ మారింది. పేరు మాత్రం అదే. పాత బండికి కొత్త పెట్టె ఎక్కించబోయి బోల్టుల దగ్గరే ఆగిపోయినవాళ్లు అదృష్టవంతులు. బోల్టులు సరిపోయి, తేడా కంప్యూటర్ దగ్గర బయటపడితే అప్పటికే రెండు రోజుల కూలీ ఖర్చయిపోయి ఉంటుంది.

బోల్టులు సరిపోవడం ఎంత మోసం చేయగలదో గేర్ రేషియోలతో చూడొచ్చు. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందుండే చివరి గేర్ల జత) కూడా గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. చిన్న ఇంజన్ బండిదీ, పెద్ద ఇంజన్ బండిదీ బయటి కేసింగ్ ఒకటే అయినా లోపలి ఫైనల్ డ్రైవ్ వేరుగా ఉండొచ్చు. టైరు ఒక్క చుట్టుకు 1.9 మీటర్లు కదులుతుందనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి దాదాపు 877 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరు రేషియో 0.8, ఫైనల్ డ్రైవ్ 4.1 అయితే ఇంజన్ నిమిషానికి 2,880 చుట్ల దగ్గర ఉంటుంది. ఫైనల్ డ్రైవ్ 3.7 అయితే అది 2,600కు దిగుతుంది. బండి నడుస్తుంది, గేర్లన్నీ పడతాయి, ఎవరికీ అనుమానం రాదు. కానీ బలం తక్కువున్న ఇంజన్‌కు 3.7 పెట్టె తగిలిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. ఆటోమేటిక్ అయితే కంప్యూటర్ తన లెక్క తప్పిందనుకుని కోడ్ వేయొచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇది ఇబ్బందితో పోదు, నష్టం దాకా వెళుతుంది. ముందు, వెనక ఫైనల్ డ్రైవ్‌లు కలవకపోతే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాగుతూ మధ్యలో బలాన్ని రెండింటికీ పంచే కప్లింగ్‌నో ట్రాన్స్‌ఫర్ కేస్‌నో కాల్చేస్తాయి.

ఇంజన్‌కు పవర్ పెంచే మార్పులు చేసి ఉంటే లేదా బండి తరచూ బరువు లాగుతుంటే టార్క్ సామర్థ్యం కూడా చూడాలి. ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. పెడల్స్, క్లచ్ హైడ్రాలిక్స్, ఫ్లైవీల్, వైరింగ్, ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అన్నీ మార్చాలి. సరదా కోసం అయితే సరే, ఖర్చు తగ్గించుకోవడానికి అయితే వద్దు.

ఎక్కడి నుంచి తేవాలి

దారులు నాలుగు: స్క్రాప్ బండి నుంచి తీసిన పాతది, తన పెట్టెనే విప్పి బాగుచేయించుకోవడం, ఫ్యాక్టరీ పద్ధతిలో పునర్నిర్మించిన రీమాన్యుఫాక్చర్డ్ పెట్టె, పూర్తిగా కొత్తది. చివరిది వయసు మళ్లిన బండ్లకు అరుదుగా దొరుకుతుంది. దొరికినా బండి విలువతో పోటీపడే ధర ఉంటుంది కాబట్టి అసలు పోటీ మిగతా మూడింటి మధ్యే.

పాత పెట్టె కొనేటప్పుడు అందరూ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడుగుతారు. అంతకంటే మేలైన ప్రశ్న, ఆ బండి స్క్రాప్‌కు ఎందుకు వచ్చిందన్నది. వెనక నుంచి గుద్దించుకుని, అప్పటివరకు రోజూ తిరిగిన బండిదైతే బాగుంటుంది. ముందు నుంచి గుద్దుకున్నదైతే బెల్ హౌసింగ్‌లో కంటికి ఆనని పగులు ఉండొచ్చు. వరదలో మునిగినదైతే గాలి కోసం పెట్టిన చిన్న రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోయి ఉంటాయి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే బేరం అక్కడితో ఆపేయాలి. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్నదాంట్లో సీళ్లు గట్టిపడిపోయి ఉంటాయి. పెట్టె వచ్చిన బండి చాసిస్ నంబర్, ఓడోమీటర్ ఫొటో, వీలైతే విప్పకముందు నడిపిన వీడియో ఇవ్వలేనివాళ్ల దగ్గర తక్కువ ధరకు వస్తోందని సంతోషించడానికి ఏమీ లేదు.

ఇంకొకటుంది. పాడైన పెట్టె ఆ రకానికే ఉన్న డిజైన్ బలహీనత వల్ల పోయి ఉంటే, అదే రకం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన ఇంకో పెట్టెను తేవడమంటే అదే జబ్బును మళ్లీ కొని తెచ్చుకోవడం. అలాంటప్పుడు ఆ బలహీన భాగాన్ని సరిదిద్ది మెరుగైన భాగం వేసిన రీబిల్ట్ లేదా రీమాన్యుఫాక్చర్డ్ పెట్టె ధర ఎక్కువైనా అర్థముంది. తయారీదారులే తర్వాతి ఏళ్లలో ఆ భాగాన్ని మార్చి ఉంటే ఆ మార్పు ఇందులో ఉందా అని అడగాలి.

రీబిల్డ్ అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ఒకచోట విరిగిన భాగం మార్చి, సీళ్లు వేసి మూసేస్తారు. మరోచోట క్లచ్ ప్లేట్లు, స్టీల్ ప్లేట్లు, బుష్‌లు, సీళ్లు అన్నీ మార్చి, పంపు అరుగుదల కొలిచి, ఆయిల్‌ను కావలసిన దారుల్లోకి పంపే వాల్వ్ బాడీ రంధ్రాలు సాగాయేమో పరీక్షించి, సోలెనాయిడ్లు చూసి అప్పుడు మూస్తారు. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు కాబట్టి ఏమేం మారుస్తారో రాయించుకోవాలి. టార్క్ కన్వర్టర్ ఆ జాబితాలో లేకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా అనుమానమే. అది వెల్డింగ్ చేసిన మూసిన డబ్బా. పాత క్లచ్‌ల రజను, లోహపు పొడి లోపలే ఉండిపోతాయి. కోసి తెరిస్తే తప్ప శుభ్రం కాదు. రీమాన్యుఫాక్చరింగ్‌లో ఈ నిర్ణయాలు ఒక మనిషి అలవాటు మీద ఆధారపడవు. ప్రతి భాగాన్నీ విప్పి, కొలిచి, హద్దు దాటినవాటిని పారేసి, బిగించాక బెంచి మీద నడిపి చూస్తారు. అందుకే వారంటీ ఎక్కువ ఇవ్వగలుగుతారు.

ఏది ఎంచుకోవాలన్నది పెట్టె రకాన్ని బట్టి ఉంటుంది. మాన్యువల్ అయితే మంచి చరిత్ర ఉన్న పాత పెట్టె తెలివైన ఎంపిక. అందులో చెడేవి తక్కువ, ఎక్కించేముందు చేత్తో తిప్పి కొంతవరకు పరీక్షించవచ్చు కూడా. మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌కు, ఆ పెట్టెనే తరచుగా విప్పే మనిషి అందుబాటులో ఉంటే రీబిల్డ్ బాగుంటుంది. లేకపోతే రీమాన్యుఫాక్చర్డ్ మేలు. గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీ విషయంలో పాతది కొనడం జూదమే. ఉక్కు బెల్టు రెండు పుల్లీల మధ్య ఒత్తిడితో నడుస్తుంది, ఆ పుల్లీల నునుపు ఒకసారి గీతలు పడితే తిరిగి తేవడం కష్టం. బయటి నుంచి చూసి లోపల గీతలున్నాయో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. డ్యూయల్ క్లచ్ పెట్టెల్లో క్లచ్ ప్యాక్ ఎలాగూ అరిగే భాగమే, దాన్ని కొత్తదిగా లెక్కవేసుకునే బేరం ఆడాలి.

పాత చెత్త కొత్త పెట్టెలోకి

ఆటోమేటిక్ ఆయిల్ గేర్‌బాక్స్‌లోనే ఉండిపోదు. పైపుల ద్వారా కూలర్‌కు వెళ్లి చల్లబడి తిరిగి వస్తుంది. పాత పెట్టె పోయేటప్పుడు రాల్చిన లోహపు పొడి, లైనింగ్ ముక్కలు ఆ కూలర్‌లో చిక్కుకుని ఉంటాయి. కొత్త పెట్టె ఎక్కించి ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపట్లోనే ఆ చెత్త దాంట్లోకి దిగుతుంది. సన్నటి వాల్వ్ దారుల్లో ఇరుక్కోవడానికి చిటికెడు చాలు. పైపులు, కూలర్ ఒత్తిడితో కడగాలి. లోపల మడతల రెక్కలున్న కూలర్ అయితే కడిగినా వదలదు, మార్చేయాలి. చాలా వారంటీలు కూలర్ శుభ్రం చేసినట్టు బిల్లు చూపిస్తేనే చెల్లుతాయి. ఈ పని ధర చెప్పేటప్పుడు తరచూ మాయమవుతుంది కాబట్టి విడిగా అడిగి చేర్చుకోవాలి.

కూలర్ రేడియేటర్ లోపల ఉండే బండ్లలో ఇంకో ప్రమాదముంది. మధ్య గోడ చిల్లుపడితే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది, క్లచ్ లైనింగ్‌ను పట్టి ఉంచే జిగురు ఊడిపోతుంది. పాత పెట్టె అలా పోయి ఉంటే రేడియేటర్ మార్చకుండా కొత్తది ఎక్కించడంలో అర్థం లేదు.

ఆయిల్ విషయంలో రాజీ కుదరదు. సీవీటీకి సీవీటీ ఆయిలే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టుకు కావలసిన పట్టు దొరకదు. మాన్యువల్ పెట్టెకు జీఎల్-4 రకం గేర్ ఆయిల్ పోయమంటే జీఎల్-5 ఇంకా మంచిదని పోయకూడదు. దాంట్లోని కొన్ని రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు హాని చేయగలవు. బండి ఉన్నంతకాలం ఆయిల్ మార్చక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు రాస్తాయి, కానీ తన ఆటోమేటిక్ పెట్టెలకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమని జెడ్‌ఎఫ్ స్వయంగా చెబుతోంది. తయారు చేసినవాడి మాటే నమ్మడం మంచిది. డిప్‌స్టిక్ లేని పెట్టెల్లో ఆయిల్ మట్టం కూడా నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి. జెడ్‌ఎఫ్ ఆరు గేర్ల పెట్టెకు అది 30 నుంచి 50 డిగ్రీల మధ్య, ఇంజన్ నడుస్తుండగా.

పెట్టె దించినప్పుడే చూడాల్సినవీ ఉన్నాయి. ఇంజన్ వెనక ఆయిల్ సీల్ ధర కొద్దిదే, కానీ తర్వాత కారితే దానికోసం మళ్లీ అంత పనీ చేయాలి. మాన్యువల్ అయితే క్లచ్ సెట్, రిలీజ్ బేరింగ్, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పరిస్థితి చూడాలి. ఆటోమేటిక్ అయితే ఇంజన్‌కూ టార్క్ కన్వర్టర్‌కూ మధ్య ఉండే ఫ్లెక్స్ ప్లేటు పగుళ్లు చూడాలి. ఇంజన్‌కూ పెట్టెకూ మధ్య ఉండే డోవెల్ పిన్నులు పాత పెట్టెతో పాటే వెళ్లిపోతుంటాయి. అవి లేకుండా బిగిస్తే షాఫ్ట్‌లు ఒకే గీతలో కూర్చోవు. టార్క్ కన్వర్టర్ పంపులోకి పూర్తిగా దిగకముందే బోల్టులు బిగించి లాగితే పంపు పగులుతుంది. బెల్ హౌసింగ్ ఇంజన్‌కు ఆనుకున్నాక కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి, తిరగకపోతే విప్పాలి.

కొన్ని బండ్లలో కంప్యూటర్ గేర్‌బాక్స్ లోపలే ఉండి, దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్‌తో జతకట్టి ఉంటుంది. వేరే బండి నుంచి తెచ్చిన పెట్టె ఎంత మంచిదైనా ఆ జత కుదిర్చే పరికరం, అనుమతి లేకపోతే కదలదు. ఇంకొన్నింటిలో సోలెనాయిడ్ల కొలతల కోడ్‌ను కంప్యూటర్‌కు ఎక్కించాలి. దాదాపు అన్ని ఆధునిక ఆటోమేటిక్‌లకూ ఎక్కించాక అడాప్టేషన్, అంటే కొత్త పెట్టె తీరును కంప్యూటర్‌కు నేర్పించే పని, చేయాలి. అది చేయకుండా బండి చేతికిస్తే జర్క్‌లు వస్తాయి, కొత్త పెట్టె కూడా బాగాలేదనే టెన్షన్ మొదలవుతుంది. ఈ పని తాము చేస్తామా, బయటికి పంపుతామా అన్నది వర్క్‌షాప్ ముందే చెప్పగలగాలి.

బిల్లులో కనిపించని లెక్క

దించి ఎక్కించే కూలీ పెట్టె ధర ఎంతైనా ఒకటే. చవక పెట్టె పోతే ఆ కూలీ, ఆయిల్, గాస్కెట్లు, బండి ఆగిపోయిన రోజులు మళ్లీ మొదటి నుంచి. అందుకే వారంటీ ఎన్ని నెలలన్నది కాదు, దేనికన్నది చూడాలి. పెట్టెకు మాత్రమేనా, కూలీకి కూడానా? పెట్టెను వెనక్కి పంపే రవాణా ఎవరిది? అమ్మినవాళ్లు ఒకరు, ఎక్కించినవాళ్లు ఒకరు అయితే తప్పు ఎదుటివాళ్లదని ఇద్దరూ చెప్పే అవకాశం ఎక్కువ. రెండు పనులూ ఒకే చోట జరిగితే కొంచెం ఎక్కువ పెట్టడం నష్టం కాదు. అద్దెకు తిప్పే బండికి వారంటీ వర్తిస్తుందో లేదో కూడా చదవాలి, చాలావాటిలో వర్తించదు.

ఈ వయసు బండి మీద ఇంత ఖర్చా అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ ఖర్చును బండి అమ్మితే వచ్చే సొమ్ముతో పోల్చడం మామూలే, కానీ ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. దీన్ని వదిలేసి కొనబోయే ఇంకో పాత బండితో పోల్చాలి. దాని గేర్‌బాక్స్ ఎప్పుడు పోతుందో, దాని ఆయిల్ ఎన్నడైనా మార్చారో లేదో తెలియదు. ఇంజన్, బాడీ బాగుండి ఇంకొన్నేళ్లు ఉంచుకోదలిస్తే మంచి పెట్టె వేయడమే నయం. అడుగు తుప్పు పట్టి, ఇంజన్ కూడా ఆయిల్ తాగుతుంటే ఏ పెట్టె వేసినా దండగే.

రీమాన్యుఫాక్చర్డ్ పెట్టె అమ్మేవాళ్లు పాతదాన్ని తిరిగి తీసుకుంటారు, దానికి డిపాజిట్ కూడా పట్టి ఉంచుతారు. కేసింగ్ పగిలినా, కొన్ని భాగాలు మాయమైనా ఆ డిపాజిట్ వెనక్కి రాదు. అందుకే దించిన రోజే పాత పెట్టెను నాలుగు వైపులా, కోడ్ ప్లేటుతో సహా ఫొటోలు తీసి పెట్టుకోవాలి. విప్పి చూద్దామని ఎవరైనా అంటే, అమ్మినవాళ్ల షరతులు చదివాకే ఒప్పుకోవాలి.